ఒడిబియ్యంతో లేచిన రోజు

మా డిపార్ట్‌మెంట్లో తలుపు పక్కనే బరువు చూసే మిషన్ ఒకటి ఉండేది. రిటైరై ఇంట్లో కూర్చున్నా దాని మీద నాకు కోపం పోలేదు. ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, మీ సర్వీసులో మర్చిపోలేని పేషెంట్ ఎవరు మేడం అని అడుగుతుంటారు. పెద్ద యాక్సిడెంట్ తర్వాత లేచి నడిచినవాళ్ళ కథ ఏదో చెబుతానని వాళ్ళ ఆశ. నేనేమో ఆ మిషన్ని తిట్టడంతో మొదలుపెట్టి ఒడిబియ్యం దగ్గరికి వస్తాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చూసుకోనివ్వండి, నాకేం.

మా ఆసుపత్రి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే దారిలో, మెట్రో పిల్లర్ల పక్కన ఉండేది. కింద మందుల షాపు, పైన ఎముకల డాక్టరు, ఆ పైన మేము. లిఫ్టు ఉంది కానీ దానికి దయ కలిగినప్పుడే కదిలేది. మోకాళ్ళ నొప్పులతో వచ్చినవాళ్ళు మెట్లెక్కి మా దాకా చేరేసరికి సగం వైద్యం అయిపోయినట్టేనని నేను అనేదాన్ని. సగం ప్రాణం పోయినట్టని వాళ్ళనేవాళ్ళు.

నేను కృష్ణా జిల్లా నుంచి పెళ్ళయి ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మనిషిని. నోరు కాస్త ఎక్కువ. నా పక్క గదిలో డైటీషియన్ అమ్మాయి బాలాపూర్‌లో పుట్టి పెరిగింది. వయసులో నాకు సగం, నోట్లో నాకు సమానం. పేషెంట్ ఎదుట మేమిద్దరం ఒకే మాట మాట్లాడేవాళ్ళం, పేషెంట్ వెళ్ళాక పోట్లాడుకునేవాళ్ళం, మధ్యాహ్నం ఒకే టిఫిన్ డబ్బాలోంచి తినేవాళ్ళం. ఉద్యోగం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన స్నేహం అదే.

ఒక వానాకాలం పొద్దున ఎముకల డాక్టరు కింది నుంచి ఒక పెద్దావిడను పంపించారు. బరువు తగ్గించండి, మిగతా సంగతి తర్వాత చూద్దాం అని కబురు. అరవై ఎప్పుడో దాటిన మనిషి, భారీ శరీరం, దానికి తగ్గ భారీ నవ్వు. పోచంపల్లి దగ్గర ఒక ఊళ్ళో నేతవాళ్ళ ఆడపిల్ల. భర్త కూడా అక్కడివాడే. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు నడిపి, దాన్ని కొడుక్కి అప్పగించి, ఇప్పుడు భార్య చేతిసంచి మోయడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడు. ఆవిడ ముందు, ఆయన రెండు మెట్లు వెనక. పడితే పట్టుకోవడానికట. ఆయన సైజు చూసి నాకు నవ్వొచ్చింది.

కొత్తగా వచ్చిన వాళ్ళను నేనొక ప్రశ్న అడిగేదాన్ని. మీకు ఏ పని చేయగలగాలని ఉంది? అందరూ నొప్పి పోవాలంటారు, ఎక్కువలో ఎక్కువ తిరుపతి కొండ నడిచి ఎక్కాలంటారు. ఈవిడ కొంగు సర్దుకుని నిదానంగా చెప్పింది.

"పీట మీద కూసుండి, ఒడి నిండ బియ్యంతోని, ఎవ్వల చెయ్యి పట్టుకోకుండ లేవాలె మేడం. గంతే. సన్నగ గావాలని నాకేం లేదు."

నాకు అర్థం కాక డైటీషియన్ అమ్మాయి వైపు చూశాను. ఇన్నేళ్ళు ఈ గడ్డ మీద బతికి ఒడిబియ్యం తెలియదా అని ఆ పిల్ల పడీపడీ నవ్వి, వివరంగా చెప్పింది. పెళ్ళయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్ళు పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, కాళ్ళకు పసుపు రాసి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఆమె ఒడిలో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, కొత్త చీర కూడా ఒడిలోనే. ఆమె ఆ మూట నడుముకు కట్టుకుని లేచి దేవుడికి మొక్కి, దాన్ని అత్తింటికి తెచ్చుకుని, ఆ బియ్యం వండి అందరికీ పెడుతుంది. ఎంత వయసొచ్చినా ముత్తైదువగా ఉన్నన్నాళ్ళు ఆ పిలుపు వస్తూనే ఉంటుంది. మా వైపు సారె పెట్టడం ఉంది కానీ, ఇంత బరువు కట్టుకుని లేవడం లేదు.

ఆ తర్వాతిది పెద్దావిడే చెప్పింది, నవ్వు ఆపేసి. కొన్నేళ్ళ కిందట అన్నగారింట్లో ఒడిబియ్యం పోశారు. లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. మేనల్లుళ్ళు ఇద్దరు చంకల కింద చేతులేసి లాగారు. ఆ లాగడంలో ముడి జారి బియ్యమంతా నేలపాలైంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఎవరో కొత్త కోడలు, పాపం తెలియక, చీపురు తెచ్చి ఊడ్చేసింది.

"ఒడిబియ్యం చీపురుతోని ఊడ్సిన్రు మేడం. నా కండ్ల ముందట."

ఆ రోజు నుంచి ఆవిడ పుట్టింటి గడప తొక్కలేదు. అన్న ఏటా ఫోన్ చేసేవాడు. ఒకసారి బీపీ అంది, ఒకసారి ఇంట్లో సున్నాలు వేస్తున్నారంది. అసలు కారణం చెప్పడానికి సిగ్గు. వదినతో ఏదో మాట పట్టింపు వచ్చిందని అన్న అనుకున్నాడు. ఇప్పుడు ఆయన మగ్గం ఎత్తేస్తున్నాడట. దాని మీద దిగే ఆఖరి చీర చెల్లెలి ఒడిలో పెడతాడట. దసరా అయ్యాక మంచిరోజు చూశాడు. ఈసారి రాకుంటే నీకు పుట్టిల్లు లేదనుకో అని ఫోన్ పెట్టేశాడట.

ఇంకేం, మేమిద్దరం నడుం కట్టాం. డైటీషియన్ అమ్మాయి ఏం తినాలో చెప్పింది. నేను మోకాళ్ళకు తేలికపాటి వ్యాయామాలు, కాస్త నడక చెప్పాను. వచ్చిన ప్రతిసారీ ఆవిడ చెప్పులు విప్పి ముందు ఆ మిషన్ ఎక్కేది. ముల్లు వెనక్కి జరగడం మొదలుపెట్టింది. జరిగిందంటే మామూలుగా కాదు, మా డిపార్ట్‌మెంట్ చరిత్రలో ఎవరికీ అంత జోరుగా జరగలేదు. గదిలో ఉన్న పేషెంట్లందరూ చప్పట్లు కొట్టేవారు. ఆవిడ భర్త పెద్దాయన ఒకరోజు మైసూర్‌పాకు పంచాడు, బరువు తగ్గినందుకు. ఎముకల డాక్టరు కూడా పైకొచ్చి మెచ్చుకుని వెళ్ళారు. నేనూ ఆ అమ్మాయీ ఈ ఘనత ఎవరిదని వాదించుకున్నాం.

ఒకరోజు ఆవిడ మెట్లెక్కి వచ్చింది కానీ మిషన్ ఎక్కలేదు. కుర్చీలో కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంగతి పెద్దాయన చెప్పాడు. అన్నకు వస్తానని మాటిచ్చే ముందు ఒకసారి చూసుకుందామని ఇంట్లో పీట వేసుకుని కూర్చుందట. లేవలేకపోయింది. లేపడానికి ఈయన వంగాడు, ఈయనా కూర్చుండిపోయాడు. కింద కిరాయికున్న కుర్రాళ్ళు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇద్దరూ నేల మీదే ఉన్నారు. చేతికందేంత దూరంలో బత్తాయిలు ఉంటే వలిచి పెట్టాడట. పుల్లగా ఉన్నాయని ఆవిడ తిట్టిందట. చెబుతుంటే ఆయనకే నవ్వొచ్చింది, ఆవిడ చూసిన చూపుకు ఆపుకున్నాడు.

"బరువు తగ్గితె లేస్తనంటిరి. తగ్గిన. అంతకుముందు కుర్చీలకెల్లన్న లేస్తుంటి, ఇప్పుడు గదీ అయితలేదు. ఇగ నాతోని కాదు మేడం. అన్నకు రానని చెప్పేస్త."

నేను ఆవిడ తొడ మీద చెయ్యి వేసి కండ బిగించమన్నాను. బిగించడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. అప్పుడు అడిగాం, అమ్మా, అసలు మీరేం తింటున్నారని. ముందే అడిగి ఉండొచ్చు కదా అని మీరనుకుంటున్నారు. అనుకోండి. చప్పట్లు కొడుతున్నప్పుడు ఎవరికీ ప్రశ్నలు గుర్తుకురావు.

ఏం తినాలో మేం రాసిచ్చిన చీటీని ఆవిడ బుద్ధిగా మడిచి దేవుడి గూట్లో పెట్టింది. సొంతంగా ఒక్కపొద్దులు మొదలుపెట్టింది. సోమవారం శివుడు, మంగళవారం హనుమంతుడు, గురువారం బాబా, శుక్రవారం లక్ష్మి, శనివారం వెంకన్న. రోజుకు ఒకే పూట ముద్దెడు అన్నం, ఇంత చారు. వారంలో దేవుడు లేని రోజు దొరకడమే కష్టమైంది. దేవుళ్ళందరూ కలిసి ఆవిడ బరువు తగ్గించేశారు, కానీ కొవ్వుతో పాటు కండ కూడా పట్టుకుపోయారు. ముసలి ఒంట్లోంచి కండ పోతే తిరిగి రావడం అంత తేలిక కాదు. మిషన్‌కు ఆ తేడా తెలియదు, దానికి కండా కొవ్వూ ఒకటే. అందుకే దానిమీద నాకు అంత కోపం.

ఆవిడ వెళ్ళాక మేమిద్దరం కారిడార్లో పోట్లాడుకున్నాం. తిండి సంగతి నువ్వు చూడలేదని నేను, బలం పెంచే పని మీరు చేయలేదని ఆ పిల్ల. ఇద్దరి మాటా నిజమే, అందుకే కోపం ఎక్కువైంది. ఆ మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్ళు తిన్నాం. ఆమె తెచ్చిన చింతచిగురు పప్పు వాసన వస్తుంటే నా వంకాయ కూర గొంతు దిగలేదు. సాయంత్రం నేనే లేచి మిషన్ మీద పాత దుప్పటి కప్పాను. ఆ అమ్మాయి చూసి, సగం డబ్బా మిగిలింది తింటారా మేడం అంది. మర్నాడు వచ్చిన పేషెంట్లు ఆ దుప్పటి చూసి మిషన్ పోయిందా అని పరామర్శించారు.

దుప్పటి కప్పిన రాత్రే పెద్దాయనకు ఫోన్ చేసి, అన్నకు ఏమీ చెప్పొద్దు, రేపు ఆవిడను తీసుకురండి అన్నాను. వచ్చింది. ఒక్కపొద్దులు మానేయమంటే మాత్రం ససేమిరా అంది, మొక్కిన మొక్కు తప్పుతుందా అని. నాకు ఒళ్ళు మండి ఏదో అనబోయాను. ఆ అమ్మాయి నన్ను ఆపి తను అందుకుంది.

"పెద్దమ్మా, దేవునికి అన్నం మానుతనని మొక్కినవా, పాలు పెరుగు మానుతనని మొక్కినవా?"

ఆవిడ ఆలోచించి, అన్నమే అంది. ఇంకేం, దారి దొరికింది. ఒక్కపొద్దు రోజుల్లో పాలు, గట్టి పెరుగు, నానబెట్టిన పెసర్లు, ఉడకబెట్టిన పల్లీలు. దేవుడు లేని బుధ, ఆదివారాలు గుడ్లు. కొన్నాళ్ళకు పెద్దాయన శివుడి దగ్గరా హనుమంతుడి దగ్గరా సెలవు అడిగొచ్చానని ప్రకటించాడు. లక్ష్మిని ఆవిడే ఒప్పించుకుంది. చివరికి గురువారం, శనివారం మాత్రం మిగిలాయి.

ఇక నా వంతు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. చేతులు పెట్టకుండా. అది వచ్చాక బరువుతో లేపాలనుకుని మా ఇసుక సంచి తీసి ఆవిడ ఒడిలో పెట్టబోయాను. ఆవిడ ఎంత కోపంగా చూసిందంటే, నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముత్తైదువ ఒడిలో ఇసుక పోస్తారా అంది. డైటీషియన్ అమ్మాయి తల పట్టుకుంది. సరే, ఇసుక వద్దు, బియ్యమే పెడదాం అన్నాను. ఉత్తుత్తి ఒడిబియ్యం ఆటలా, తప్పు కదా అని మళ్ళీ సందేహం. అది కూడా ఆవిడే తీర్చుకుంది. పసుపు కలపకుంటే అవి వట్టి బియ్యమే, పసుపు కలిపితేనే ఒడిబియ్యం అని తీర్పు చెప్పింది. మర్నాడు పెద్దాయన గుడ్డసంచిలో సన్నబియ్యం మోసుకొచ్చాడు.

ఆ రోజుల్లో మా గది చూసి ఉండాల్సింది మీరు. పెద్దాయన ఎదురుగా కూర్చుని దోసిలితో పోయడం, ఆవిడ కొంగు ముడేసుకుని లేవడం. ఆయన ఉత్సాహం పట్టలేక ఒక దోసిలి ఎక్కువ పోస్తే, నువ్వు మా అన్నవు గాదు, ముచ్చట పెట్టకుండ చెప్పినన్నే పొయ్యి అని ఆవిడ గద్దించడం. కుర్చీ నుంచి స్టూలుకు దిగాం. స్టూలు నుంచి పీటలకు. ఆయన ఎక్కడెక్కడివో చెక్క పీటలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. వీలు చూసి నేను ఒకటి తీసేసేదాన్ని. తీసిన ప్రతిసారీ ఆవిడ నన్ను తిట్టేది, రెండు రోజులు మాట్లాడేది కాదు, మూడో రోజు ఆ ఎత్తు నుంచి లేచి నిలబడి నా వైపు చూసి కళ్ళెగరేసేది. పక్షవాతంతో చెయ్యి పడిపోయి మూగగా కూర్చునే పేషెంట్లు సైతం ఆవిడ వచ్చే టైముకు రావడం మొదలుపెట్టారు. ఇంట్లో ఆ బియ్యమే వండుకుంటున్నామని, అందుకే కూర బాగాలేకపోయినా అన్నం రుచిగా ఉంటోందని పెద్దాయన చెప్పేవాడు. బరువు ఎంతుందో మేము చూడలేదు. దుప్పటి తీయలేదు.

దసరా వెళ్ళింది. నన్నూ ఆ అమ్మాయినీ రమ్మని పట్టుబడితే వాళ్ళ కారులోనే బయల్దేరాం. పెద్ద అంబర్‌పేట్ దాటి ఎడమకు తిరిగేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. అంత నోరున్న మనిషి అలా కూర్చుంటే నాకే భయం వేసింది. పెద్దాయన మెల్లగా బత్తాయి వలవమంటావా అన్నాడు. అప్పుడు నవ్వింది.

అన్నగారు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. డెబ్బై దాటినా నిటారుగా, ఎండుకట్టెలా ఉన్నాడు. చెల్లెల్ని చూసి కళ్ళు తుడుచుకున్నాడు, అది కనబడనీకుండా వెంటనే వెక్కిరింపు మొదలుపెట్టాడు. సంగతి ఈమధ్యే పెద్దాయన నోరు జారి చెప్పేసినట్టున్నాడు. ఇంత దానికి దవాఖాన ఎందుకు, తిండి తగ్గిస్తే సరిపోయేది అన్నాడు. తన పెళ్ళినాటి అంగీ ఇప్పటికీ తనకు సరిపోతుందట. జీవితంలో ఒక్క డాక్టరు మొహం చూడలేదట. ఆ మాట నా మొహం చూస్తూ అన్నాడు. నేను నోరు తెరిచేలోపల డైటీషియన్ అమ్మాయి నా చెయ్యి గిల్లింది. పండగలాంటి ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను.

లోపలికి వెళ్తే దేవుడి గూడు ముందు వదినగారు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాని మీద కొత్త గుడ్డ పరిచి పెట్టింది. మంచి మనసుతోనే చేసింది, పాపం. పెద్దావిడ ఆ కుర్చీని కాసేపు చూసింది. గదిలో అందరూ ఆవిడనే చూస్తున్నారు.

"వదినా, పీట ఎయ్యి," అంది.

పీట వేశారు. మేము సాధన చేసిన వాటన్నిటికంటే అది పలచగా ఉంది. ఆవిడ చేతులు పెట్టకుండా కూర్చుంది. కాళ్ళకు పసుపు రాశారు. అన్నా వదినా ఎదురుగా చాప మీద కూర్చుని దోసిళ్ళతో పోయడం మొదలుపెట్టారు. వాళ్ళ తర్వాత పిన్నులు, అత్తలు, మేనకోడళ్ళు. ఇన్నేళ్ళకు వచ్చిందన్న ప్రేమకొద్దీ ఒక్కొక్కరు మళ్ళీ మళ్ళీ పోస్తున్నారు. మేము అలవాటు చేసిన బరువు ఎప్పుడో దాటిపోయింది. కుడుకలు పడ్డాయి, పోకలు పడ్డాయి. చివరగా అన్న ఆ ఆఖరి చీర పెట్టాడు, మడతల్లో ఎరుపూ తెలుపూ గళ్ళు. ఆపమని చెప్పండి మేడం, ఇంత బరువైతే లేవలేకపోతుంది అని ఆ అమ్మాయి నా చెవిలో గొణిగింది. ఆపడానికి అది నా డిపార్ట్‌మెంటా? నోరు మూసుకుని నా కొంగు నేను నలుపుకుంటూ నిలబడ్డాను.

ముడి బిగించారు. మేనల్లుళ్ళు ఇద్దరు వెనకటిలాగే ముందుకొచ్చారు. ఆవిడ అరచెయ్యి చూపించింది. వాళ్ళు ఆగిపోయారు.

పాదాలు వెనక్కి లాక్కుంది. ఒళ్ళు ముందుకు వంచింది. లేచింది, సగం దాకా. అక్కడ ఆగిపోయింది. తొడలు వణుకుతున్నాయి, చీర కుచ్చిళ్ళు కదలడం నాకు కనబడుతోంది. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. నేనూ నిలబడ్డ చోటే తొడలు బిగించాను, దానివల్ల ఏమొస్తుందని నన్నడగకండి. ఆవిడ ఒక్క ఊపిరి వదిలి, పూర్తిగా లేచి నిలబడింది.

ఒక్క గింజ కింద పడలేదు. నడుచుకుంటూ వెళ్ళి దేవుడికి మొక్కింది. అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. వదినగారు లేచి ఆవిడ మెడ చుట్టూ చేతులేసింది. నేను బాహాటంగానే ఏడ్చాను. ఆ అమ్మాయి నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది, ఇంకొంచెం ఉంటే నాకే ఫిజియోథెరపీ కావలసి వచ్చేది.

ఆ సందడిలో అన్నగారు ఇంకా చాప మీదే ఉన్నాడని ఎవరూ గమనించలేదు. రాలిన పసుపు గింజ ఏదో ఏరుతున్నట్టు నేల తడుముతున్నాడు. నేను అటు చూసేసరికి ఒక చెయ్యి నేలకు ఆనించి లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయాడు. కాలు తిమ్మిరెక్కిందన్నాడు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడు నాకు తట్టింది. ఇన్నేళ్ళూ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. లేవాలంటే పైన తాడు పట్టుకుని లేచేవాడు. చదును నేల మీద నుంచి లేవలేనని తెలుసుకునే అవసరమే ఆయనకు ఎప్పుడూ రాలేదు. ఇందాకటి కుర్రాళ్ళిద్దరూ రాబోతే కసిరి పంపేశాడు. నేను ఒక అడుగు వేశాను.

నా కంటే ముందు పెద్దావిడ వచ్చింది, ఒడి మూటతో సహా. అన్న ఎదురుగా నిలబడింది. ఆయన ఆవిడ మొహం చూడకుండా అన్నాడు:

"నాకేంది. నేను బక్కోన్ని."

"బక్కోనివే అన్నా. మరి లెవ్వు."

ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వలేదు. ఒక చేత్తో ఒడి ముడి గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి కిందికి చాచింది.

"సిగ్గెందుకే అన్నా. సోమవారం నాతోని మా మేడం కాడికొద్దువు. గిప్పుడైతె నా చెయ్యి పట్టుకో."

నేను ఆయన వెనక్కి వెళ్ళి నడుము దగ్గర చేతులు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన చాచిన ఆ చేతిని చూశాడు. నిండుగా ఉన్న ఆ ఒడిని చూశాడు. చాలాసేపు చూసి, పట్టుకున్నాడు.